ట్యాంకు వైపు స్తంభం

నా కూతురు పూజిత గాల్లోకి ఎగిరి బంతిని కొడుతున్న ఫోటో ఆ ఏడు శ్రావణం దాకా తిరువూరు బస్టాండు దగ్గర వేలాడింది. పెద్ద ఫ్లెక్సీ. పైన స్కూలు పేరు, కింద 'అడ్మిషన్లు జరుగుచున్నవి', మధ్యలో మా పిల్ల, కుడిచెయ్యి పైకి చాపి. విస్సన్నపేట బస్సు దిగినవాళ్ళు ముందు దాన్నే చూసేవాళ్ళు. ఆ ఫోటో తీసిన కాసేపటికే ఆ చెయ్యి విరిగింది. ఫ్లెక్సీ కట్టేనాటికి పిల్ల బెజవాడ ఆస్పత్రిలో ఉంది. ఫోటో బాగా వచ్చింది కాబట్టి మార్చలేదట. స్కూలు ఆయా నాతో ఆ మాట చెప్పింది, నేను సంతోషిస్తాననుకుని.

బడులు తెరిచిన వారం అది. ఆ వారం మా ఊరి ప్రైవేటు స్కూళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళుండరు. టీచర్లందరికీ కరపత్రాలిచ్చి, పిల్లల్ని పట్టుకురమ్మని పల్లెల మీదికి తోలతారు. ఆటలు నేర్పే పీఈటీ సారు జోజిబాబుని ఆరోజు నెమలి అనే ఊరి వైపు పంపారు. స్కూల్లో ఫోటోలు తీసేవాడొచ్చాడు. ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని వాలీబాల్ నెట్టు కట్టుకుని ఆడమన్నారు. ఆడారు. అతను ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎలాగూ కట్టాం కదా, ఇంకాసేపు ఆడదామని పిల్లలు జారిన నెట్టుని బిగించబోయారు. తాడు పట్టుకుని లాగింది మా పిల్లే. టీముకి కెప్టెన్ అది. ఇనప స్తంభం మొదలంటా లేచొచ్చి దాని మోచేతి మీద పడింది. గ్రౌండులో పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను తిరువూరులో ఆస్పత్రికి వెళ్ళేసరికి మా మావగారు దశరథరామయ్యగారు అక్కడే ఉన్నారు. కబురందగానే స్కూలు గేటు దగ్గర్నుంచి పిల్లని కార్లో వేసుకొచ్చింది ఆయనే. మాకు రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉంది. అందులో చెట్లకన్నా, కొడుకుకన్నా ఆయనకి మనవరాలంటే ఇష్టం. ఇది మాటవరసకి అనడం లేదు. పిల్ల ఆటలాడుతుంటే నల్లబడిపోతోందని మా అత్తగారు రావమ్మగారు సణిగితే, 'నా మనవరాలు నల్లబడితే నీకేంటే' అనేవారు. జిల్లా టీముకి ఎంపికైతే బూట్లు ఆయనే కొన్నారు.

పూజితకి ఇంజెక్షన్ చేశారు. కళ్ళు మూసుకుని పడుకుంది. మావగారు మంచం పక్కన నిలబడి స్కూలు ఆయాని అడిగారు.

"ఏ స్తంభం? రోడ్డు వైపుదా, ట్యాంకు వైపుదా?"

"ట్యాంకు వైపుదండి."

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. పెద్దాయన, పిల్లనలా చూసి తట్టుకోలేకపోయారనుకున్నాను. డాక్టరు వచ్చి దెబ్బ ఎలా తగిలిందని అడిగితే నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పేశారు.

"మా తోటలో మామిడిచెట్టు ఎక్కి పడిందండి."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నన్ను వరండాలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించారు. "స్కూల్లో జరిగిందంటే పోలీసు కేసంటారమ్మాయ్. వాళ్ళొచ్చి రాసుకునేదాకా పిల్ల చెయ్యి ముట్టుకోరు. ముందు వైద్యం జరగనీ. మిగతాది తర్వాత చూసుకుందాం."

ఎంత ముందుచూపు అనుకున్నాను. మా వైపు అందరూ చేసే పనే అది. బండి ఢీకొడితే మెట్ల మీంచి జారామంటాం, కుక్క కరిస్తే మేకు గీరుకుందంటాం. ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

బెజవాడలో మోచేతికి పలకలు వేసి పంపించారు. కట్లు విప్పాక చూస్తే చెయ్యి చాపింది చాపినట్టే ఉండిపోయింది. కాస్త వంగుతుంది, అంతే. జడ వేసుకోవడానికి అందదు, నోటికి అందదు. ఇంక ఇంతేనని డాక్టరు చెప్పాడు. పూజిత విని, "సర్వీసు వెయ్యొచ్చా?" అని అడిగింది. డాక్టరు ఫోన్ చూసుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం అది ఎడంచేత్తో అన్నం కలుపుకోబోయింది. మా అత్తగారు ఊరుకోలేదు.

"ఎడంచేత్తో అన్నమేంటే. ఇంట్లో అందరం చచ్చామా? తాతయ్య పెడతాడు, తిను."

పదమూడేళ్ళ పిల్ల ఎడంచెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. మావగారు పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు చేసి పెట్టారు. ఆరోజు నుంచి రెండు పూటలా అదే వరస. ఆయన ఊళ్ళో ఎక్కడున్నా దాని అన్నం వేళకి వచ్చేసేవారు. ఒక్కోసారి పెడుతూ కళ్ళు తుడుచుకునేవారు. అది ముద్ద తీసుకుంటూ ఆయన మొహం వంకే చూసేది. ఏదో అడుగుతుందేమో అనిపించేది. అడిగేది కాదు.

స్కూలు నుంచి చూడ్డానికి వచ్చింది జోజిబాబు ఒక్కడే. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేనుంటే ఆ నెట్టు కట్టనిచ్చేవాణ్ణి కాదండి. ఆ స్తంభం కదులుతోందని బడి తెరిచిన రోజే కరస్పాండెంటు గారికి చెప్పానండి. సిమెంటు పోయిస్తానన్నారు" అన్నాడు.

నాకు అప్పటిదాకా ఏడుపే ఉంది. ఆ మాటతో కోపం వచ్చింది. తెలిసి పిల్లల్ని దాని కింద నిలబెట్టారన్నమాట. మర్నాడే స్కూలుకి వెళ్ళాను.

కరస్పాండెంటు వెంకటాద్రిగారు ఒకప్పుడు కాలేజీ లెక్చరరు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించారు.

"ఆటలన్నాక దెబ్బలు తగులుతాయమ్మా. అందుకే ఆడపిల్లల్ని ఆటలకి పంపేముందు తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి."

"స్తంభం కదులుతోందని మీకు ముందే తెలుసటగా."

"ఎవరన్నారు?"

నేను చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకి తెలిసిపోయింది, పేపర్ వెయిట్ ఇటు నుంచి అటు జరిపారు.

"మీకేం కావాలో చెప్పండి. పదో తరగతి దాకా ఫీజు అడగను. ఎడంచేత్తో రాయడం నేర్పిస్తాం, ఓపిగ్గా నేర్పే మేడమ్ ఉంది."

"నాకు ఫీజు వద్దండి. ఇది మా గ్రౌండు, ఆ తప్పు మాది అని ఒక్కరు నోరు తెరిచి అనాలి. నా కూతురి ముందు అనాలి. అది రోజూ నన్నడుగుతోంది, నేను తాడు గట్టిగా లాగానా అమ్మా అని."

ఆయన చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "మాటదేముందమ్మా. మాటలకి అర్థాలు తీసేవాళ్ళుంటారు" అన్నారు.

"పోనీ ఆ ఫ్లెక్సీ అయినా తీసెయ్యండి."

"వానలు మొదలయ్యాయిగా. అదే చిరిగిపోతుంది."

మజ్జిగ అక్కడే వదిలేసి వచ్చాను. వచ్చి మా ఆయన కార్తీక్‌తో కోర్టుకి వెళ్దామన్నాను. ఆయనకి పురుగుమందుల షాపుంది. ఊళ్ళో సగంమంది ఆయనకి ఖాతాదారులే, సగంమందితో మొహమాటమే. "నాన్నని అడుగుదాం" అన్నాడు. పెళ్ళైనప్పట్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. ఈసారి వినలేదు. ఒక్కదాన్నే వెళ్ళి లాయరు ప్రేమావతిగారిని కలిశాను.

ఆవిడ అంతా విని సూటిగా చెప్పింది. "గేటు లోపలికి వచ్చాక పిల్లల పూచీ స్కూలుదే. ఆడమన్నది వాళ్ళు, కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషిని బయటికి పంపింది వాళ్ళు, స్తంభం కదులుతోందని తెలిసీ వదిలేసింది వాళ్ళు. నిలబడే కేసే. ఆస్పత్రిలో ఎలా జరిగిందని చెప్పారు?"

"చెట్టు మీంచి పడిందని."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఎవరు?"

"మా మావగారు."

"అయితే ఆయన్ని తీసుకురండి. వైద్యం ఆలస్యమవుతుందన్న భయంతో అలా అన్నాను, నిజానికి స్కూల్లోనే జరిగిందని ఆయన చెప్తే చాలు. ఆయన రాకపోతే పిల్ల చెప్పాలి. తాత అబద్ధమాడాడని కోర్టులో అంత చిన్నపిల్ల చెప్పగలదా, చూసుకోండి."

ఇంతేనా అనుకుంటూ ఇంటికొచ్చాను. మనవరాలి కోసం ప్రాణమిచ్చే మనిషి ఒక్క నిజం చెప్పడానికి వెనకాడతాడా. మావగారు అరుగు మీద కూర్చుని కొబ్బరితాడు చుట్టలు చుడుతున్నారు. చెప్పాను. ఆయన చుట్టడం ఆపలేదు.

"కోర్టులెందుకమ్మాయ్. వెంకటాద్రి మనకి కావాల్సినోడు. కూర్చుని మాట్లాడుకుందాం."

"మాట్లాడాను మావయ్యగారూ. ఎడంచేత్తో రాయడం నేర్పిస్తానన్నాడు."

"నేను మాట్లాడతాగా" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆదివారం స్కూల్లో కూర్చున్నాం. మా మావగారు, మా ఆయన, నేను ఇటు. అటు వెంకటాద్రిగారు. జోజిబాబు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు, అతన్ని ఎవరూ కూర్చోమనలేదు. వెంకటాద్రిగారి ముందు ఒక ప్లాస్టిక్ ఫైలుంది. అందులో ఏముందో కనపడుతూనే ఉంది, జోజిబాబు డిగ్రీ సర్టిఫికెట్లు. మా వైపు స్కూళ్ళలో ఉద్యోగంలో చేరేటప్పుడు అసలు సర్టిఫికెట్లు పట్టుకుని పెట్టుకుంటారు. వాళ్ళు తిరిగిస్తేనే ఇంకోచోట ఉద్యోగం.

"లాయర్ని కలిశారట" అన్నారు వెంకటాద్రిగారు నాతో. "మంచిదే. కేసు పెట్టుకోవడం మీ హక్కు. పెట్టేముందు మీ మావగారిని ఒక్క మాట అడగండి. మే నెల గాలివానలో ఆ స్తంభం ఎందుకు లేచిందో."

నేను మావగారి వైపు తిరిగాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. నాకు తెలియని సంగతేం కాదు అది. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆ గ్రౌండు మా మావగారికి మామిడి యార్డు. ఏప్రిల్ నుంచి అక్కడే కాటా వేస్తారు, కాయలు ఏరతారు, లారీలకెత్తుతారు. కాయకి ఎండ తగలకుండా గ్రౌండు సగానికి టార్పాలిన్ బరకం కడతారు. నేనే ఎన్నోసార్లు క్యారేజీ పట్టుకెళ్ళి ఆ బరకం నీడన నిలబడ్డాను. దాని తాళ్ళు దేనికి కట్టారో ఎప్పుడూ తలెత్తి చూడలేదు. ఒక తాడు ట్యాంకు వైపు స్తంభానికి కట్టారట. గాలివానకి బరకం పొంగి స్తంభాన్ని మొదలంటా పెకలించిందట.

"తిరిగి నిలబెట్టించాగా" అన్నారు మావగారు, ఫ్యానుతో చెబుతున్నట్టు. "గడ్డీ మట్టీ దట్టించాం. నిలబడిద్దనుకున్నా. బడి తెరిచేలోపు సిమెంటు పోయించమని వెంకటాద్రికి చెప్పా."

"చెప్పారు" అన్నారు వెంకటాద్రిగారు. "నేను కాదనను. అడ్మిషన్ల హడావిడిలో పడిపోయాను. ఇప్పుడు కేసంటే ముందు పేరు ఎవరిదొస్తుందో మీరే ఆలోచించుకోండమ్మా."

ఇద్దరికీ తెలుసు. ఫోటోలకి పిల్లల్ని నిలబెట్టినాయనకి తెలుసు, ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడినాయనకి తెలుసు. చెట్టు మీంచి పడిందన్న మాట పిల్ల చెయ్యి కోసం పుట్టింది కాదు.

"తాడు కట్టింది మా మావగారే" అన్నాను. "రానివ్వండి ఆయన పేరు కూడా. కదులుతోందని తెలిసీ దాని కింద పిల్లల్ని నిలబెట్టింది మీరు. ఆయన తప్పు చేస్తే మీ తప్పు మాఫీ అయిపోతుందా?"

"నువ్వు కాసేపు ఊరుకో" అన్నాడు మా ఆయన.

వెంకటాద్రిగారికి కోపం రాలేదు. "మీరడిగింది ఒక్క మాటేగా, తప్పు మాది అని. ఆ మాట స్కూలు తరఫున చెప్పిస్తాను. జోజిబాబూ."

అతను తలుపు దగ్గర నుంచి ముందుకొచ్చాడు. ఫైలు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"తప్పు నాదేనండి. దగ్గరుండి చూసుకోవాల్సింది."

"ఆరోజు మీరు నెమలిలో ఉన్నారు కదా సార్" అన్నాను.

"ఉన్నానండి" అన్నాడు. "తప్పు నాదేనండి" అని మళ్ళీ అన్నాడు.

వెంకటాద్రిగారు ఫైలు అతని వైపు జరిపారు. "రేపట్నుంచి ఇతను రాడు. మీరడిగింది జరిగింది కదమ్మా. పాపకి కూడా ఆ మాటే చెప్పండి."

ఏ మాట కోసం తిరిగానో ఆ మాట విన్నాను. ఆ తప్పు అంటని ఒకే ఒక్క మనిషి నోటి నుంచి విన్నాను. జోజిబాబు ఫైలు చంకలో పెట్టుకుని అందరికీ నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. నా మొగుడు తండ్రితో పాటు లేచాడు. ఆయన లేస్తే లేవడం చిన్నప్పట్నుంచీ అలవాటు.

ఇంటి ముందు కారు ఆగాక కార్తీక్ దిగి షాపుకి వెళ్ళాడు. మావగారు దిగలేదు. నేనూ దిగలేదు.

"లాయరు దగ్గరికి రండి మావయ్యగారూ. నిజం చెప్పండి."

"చెప్తే చెయ్యి వంగిద్దా?"

"వంగదు. తన వల్లే పడిందని అది అనుకుంటోంది. అది పోతుంది."

ఆయన స్టీరింగు వదల్లేదు. "ఊళ్ళో ఏమన్నా అనుకోనీ అమ్మాయ్, పడతా. దానికి తెలిస్తే ఇంక నా చేతి ముద్ద తినదు. దానికి మాత్రం చెప్పమాక. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగబోయారు. పెద్దవాణ్ణి చూస్తే నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బావుంటుంది గానీ కలగలేదు. పిల్లకి నా అంతట నేను చెప్పనని మాత్రం మాటిచ్చాను. అంత ఇష్టపడే తాత తనని ఇలా చేశాడని చెప్పడానికి నాకూ నోరు రాలేదు. ఆయన రాకపోతే కోర్టులో పిల్ల చెప్పాలి, కాబట్టి కేసూ అక్కడే ఆగిపోయింది. పూజితతో జోజిబాబు సార్ తప్పు ఒప్పుకున్నాడని మా ఆయన చెప్పాడు.

"సార్ ఆరోజు లేరుగా నాన్నా" అంది అది.

"ఉండాల్సిందిగా మరి" అన్నాడు మా ఆయన. తాడు గట్టిగా లాగానా అని నన్ను అడగడం అది ఆ రోజుతో మానేసింది. నమ్మిందనుకున్నాను.

శ్రావణంలో ముసురు పట్టింది. ఫ్లెక్సీ సగానికి చిరిగి కింద అడ్మిషన్ల అక్షరాలు మిగిలాయి. పూజిత అదే స్కూలుకి వెళ్తోంది, ఫీజు లేకుండా. నోటుపుస్తకంలో ఎడంచేతి అక్షరాలు అటూ ఇటూ పడుతున్నాయి. ఆటల పీరియడ్‌లో దాన్ని క్లాసులో కూర్చోబెట్టి బ్యాగులకి కాపలా పెడతారట. మావగారు ఊరుకుంటే ఊరుకుని, పలకరిస్తే పలికి నేను రోజులు గడుపుతున్నాను. ఆయనతో నవ్వి మాట్లాడింది లేదు. ఆయన మాత్రం మెల్లగా మామూలు మనిషైపోయారు. తోటలో మందు కొట్టించడం గురించి, వచ్చే ఏడు కాపు గురించి మళ్ళీ అన్నాల దగ్గర మాట్లాడుతున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. బయట వాన. మావగారు స్కూలు వైపు వెళ్ళొచ్చి, కాళ్ళు కడుక్కుని, పూజిత ఎదురుగా కూర్చుని అన్నం కలిపారు. ముద్ద చేస్తూ కొడుకుతో అన్నారు.

"ఎట్టకేలకి వెంకటాద్రి పని చేయించాడ్రా. కొత్త స్తంభం వేశాడు. కింద గుంత తీసి కాంక్రీటు పోశారు. లారీ గుద్దినా కదలదు. వచ్చే ఎండాకాలం బరకానికి బెంగ లేదు."

మా ఆయన తల ఊపాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. మావగారు తానేం అన్నారో తానే వినలేదు. ముద్ద పూజిత నోటి దగ్గరికి తీసుకెళ్ళారు.

అది నోరు తెరవలేదు. ఎప్పటిలాగే ఆయన మొహం వంకే చూస్తోంది.

"ఏ స్తంభం తాతయ్యా?" అంది. "రోడ్డు వైపుదా, ట్యాంకు వైపుదా?"

ఆస్పత్రిలో ఆయన అడిగిన మాట. అక్షరం తేడా లేదు. అది ఆరోజు నిద్రపోలేదు. ఇన్నాళ్ళూ ఆ చేతి ముద్దలే తింటూ, ఈ పూట చెప్తాడు, ఈ పూట చెప్తాడని ఎదురుచూసింది.

పూజిత కంచం తన ముందుకి లాక్కుంది. ఎడంచెయ్యి అన్నంలో పెట్టి నెమ్మదిగా కలుపుకుని తినడం మొదలుపెట్టింది. మెతుకులు గౌను మీద పడ్డాయి, దులుపుకుని మళ్ళీ తింది. మా అత్తగారు "ఎడంచేత్తో..." అని మొదలుపెట్టి, మొగుడి మొహం చూసి ఆగిపోయారు.

మావగారి చెయ్యి అలాగే గాల్లో ఉంది. చేతిలో ముద్ద ఎవరికి పెట్టాలో ఆయనకి తెలియలేదు.